శేషగిరి గారితో జగ్గయ్యపేట దాకా

ఎనభైల్లో మేమొక సినిమా తీశాం. ఎమర్జెన్సీ రోజుల్లో ఒక టీవీ కేంద్రంలో వార్తలు ఎలా తయారయ్యేవో, అక్కడివాళ్ళు ఎంతగా భయపడేవాళ్ళో చెప్పే కథ. నేను మాటల రచనలో సహాయకురాలిని. ఆ కాలంలో ఉత్తరాదిన టీవీ వార్తలకు కెమెరామన్‌గా పనిచేసిన శేషగిరి గారు నందిగామలో ఫొటో స్టూడియో నడుపుతున్నారని తెలిసింది. మా సెట్ జగ్గయ్యపేటలో, అద్దెకు తీసుకున్న ఒక మిరపకాయల గోదాములో వేశాం. ఆయన్ని అక్కడికి తీసుకువెళ్ళి, అప్పుడు జరిగింది ఆయన నోటితోనే చెప్పించి, సినిమా మొదట్లో పెట్టాలని మా దర్శకుడు మురళి ఆశ. తీసుకొచ్చే పని నాకు అప్పగించాడు.

విజయవాడలో మొదటి బస్సెక్కి, ఎండ ముదరకముందే నందిగామలో దిగాను. టికెట్టు అప్పట్లో ఐదారు రూపాయలు ఉన్నట్టు గుర్తు. శేషగిరి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియో ముందు నిలబడి ఉన్నారు. నమస్కారం పెట్టగానే, "వస్తానన్నా గానీ, చెప్తానని మాటివ్వలేదమ్మా" అన్నారు. అద్దె అంబాసిడర్‌లో హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే జగ్గయ్యపేటకు ముప్పావు గంట. దారి పొడవునా పత్తి చేలు. డ్రైవరు వెనక్కి తిరిగి, "మా పెళ్ళి ఫొటోలు ఈయనే తీసారండి. నవ్వమని కూడా అనలా" అన్నాడు. శేషగిరి గారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర మెస్‌లో తిన్నాం. గోంగూర, ముద్దపప్పు, గడ్డపెరుగు. వడ్డించే ఆయనకు మేమెవరో తెలిసి, "టీవీలో చూపించేవన్నీ నిజమేనా అండి?" అని అడిగాడు. "చూపించేవి నిజాలే" అని శేషగిరి గారు ఇంకేదో చెప్పబోయి, మజ్జిగ అడిగారు.

గోదాముకు వెళ్ళేసరికి ఒక చిక్కొచ్చింది. కెమెరా, టేపు రికార్డరు తెస్తున్న వ్యాను కోదాడ దగ్గర చెడిపోయి ఆగిందని కబురు. చేసేదేం లేక సెట్లోనే కూర్చున్నాం. మిరప ఘాటుకు అందరికీ దగ్గు. ఆయన న్యూస్‌రూమ్ కుర్చీలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టారు.

"గుడిసెలు కూలగొడుతున్నారమ్మా. నేను తీస్తున్నా. ఒకావిడ సత్తుగిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూచునుంది. ఇది రాత్రికి టీవీలో వస్తుందా బాబూ అనడిగింది. వస్తుందమ్మా అన్నా. ఆఫీసుకెళ్ళగానే రీలు ఇచ్చెయ్యమన్నారు. ఎందుకని కూడా అడగలా. ఇచ్చేసా. ఆ రాత్రి వార్తల్లో మొక్కలు నాటటం చూపించారు. ఆవిడ ఎక్కడో ఒకచోట టీవీ ముందు నిలబడి చూసే ఉంటదమ్మా."

ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదన్నారు.

పొద్దు వాలుతుండగా వ్యాను వచ్చింది. లైట్లు పెట్టి, అదే కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. షూటింగని తెలిసి తలుపు దగ్గర జనం మూగారు. వాళ్ళలో ఒక కానిస్టేబులు కూడా ఉన్నాడు. మురళి "చెప్పండి మాస్టారూ" అన్నాడు. శేషగిరి గారు తలుపు వైపు చూసి, "నాకేం గుర్తులేదండి. చాలా ఏళ్ళయింది కదా" అన్నారు. జనాన్ని పంపేసి, తలుపులు మూసి, మళ్ళీ అడిగాం. అదే జవాబు.

తిరుగు ప్రయాణంలో చాలా దూరం వచ్చాక ఆయనే అన్నారు. "ఆ పోలీసు కుర్రాడు హీరోయిన్ని చూద్దామని వచ్చుంటాడమ్మా. అది నాకూ తెలుసు. అయినా ఖాకీ కనపడేసరికి నోరు పెగల్లేదు." దిగేటప్పుడు, "మీరు రాసుకోండి. సినిమాలో నా పేరు మాత్రం వద్దు" అన్నారు. ఆయన మాటల్నే రాశాను. ఒక కొత్త నటుడు వాటిని చెప్పాడు.

ఇప్పుడు అటు వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. హైదరాబాదు వెళ్ళే బస్సులు చాలావరకు జగ్గయ్యపేట ఊళ్ళోకి పోవు, చిల్లకల్లు దగ్గర హైవే మీదే దింపేస్తాయి. ఎక్కేముందే కండక్టర్ని అడగండి. అక్కణ్ణించి ఆటోలుంటాయి. నేను ఆ దారిన మళ్ళీ వెళ్ళింది శేషగిరి గారు పోయారని తెలిశాకే, నందిగామలో ఆయన భార్యను పలకరించడానికి. ఆ పగలంతా ఆయన పక్కనే ఉండి కూడా ఆ గొంతును దక్కించుకోలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మా సినిమా ఆయన చూశారా అని ఆవిణ్ణి అడిగాను. "ఒక్కరే వెళ్ళి చూసొచ్చారమ్మా. ఆ అబ్బాయి భయం లేకుండా చెప్పాడే అన్నారు. ఏం చెప్పాడో మాత్రం నాకు చెప్పలేదు" అందావిడ.