అమ్మ మళ్లీ డ్యూటీలో చేరింది

ఈ సెంటర్ ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే నాలుగు మంచి మాటలు చెప్పడం నాకు అలవాటైపోయింది. పిల్లలూ పెద్దలూ ఒకే కప్పు కింద, ఒకరికొకరు తోడు, అలాంటివి. అసలు సంగతి తాళం. స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్తూ అమ్మను గదిలో ఉంచి బయట తాళం వేసేదాన్ని. మతిమరుపు ముదిరింది, గడప దాటితే తిరిగి రావడం తెలియదు. నా చిన్నప్పుడు తనూ అంతే, తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే డ్యూటీకి పోతూ నన్ను లోపల పెట్టి తాళం వేసేది. అప్పుడు తన మీద పెంచుకున్న కోపం ఇప్పుడు నా మీదికే తిరిగింది. చివరికి ఉద్యోగం మానేశాను.

భవానీపూర్‌లో మా తెలుగువాళ్ల చర్చి వెనక హాలు పగలంతా ఖాళీ. వాడుకోమన్నారు పాస్టరుగారు. అనుమతి కాగితాల కోసం ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరిగాను. పిల్లల సెంటరా, ముసలివాళ్లదా, ఏదో ఒకటే రాయమని ప్రతి గుమస్తా ఫారం వెనక్కి తోసేవాడు. రెండూ అని రాసి రాసి చేతులు పడిపోయాయి. తెరిచిన రోజు నాకు సంతోషం వేయలేదు, నిద్ర వచ్చింది.

పనులకు పోయే తల్లులు పిల్లల్ని దింపి వెళ్లేవారు. మా క్వార్టర్స్‌లోని పెద్దవాళ్లు తొమ్మిదిమంది చేరారు, అందరూ అమ్మలాగే రోడ్లూ కాలువలూ శుభ్రం చేసి రిటైరైనవాళ్లు. మొదటి రోజే చీపురు ఎక్కడుందని అడిగారు. నాకు చిర్రెత్తింది. జీవితమంతా ఊడ్చింది చాలదా, ఇక్కడైనా కూర్చోండి అని చీపుర్లన్నీ బీరువాలో పెట్టేశాను. కూర్చున్నారు, గోడవారన ప్లాస్టిక్ కుర్చీల్లో, ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా కూర్చున్నట్టు. పిల్లలు అవతలి చివర ఆడుకునేవారు. వాళ్లు ఇటు రాలేదు, వీళ్లు అటు పోలేదు. మధ్యలో నేను ఒకరి ముక్కు తుడిచి, ఇంకొకరికి మందుబిళ్ల ఇచ్చి, సాయంత్రానికి నడుం పట్టుకుని నిలబడేదాన్ని. వారానికొకరు రావడం మానేసి ఓ కుర్చీ ఖాళీ అయ్యేది. రెండూ అని రాసిచ్చిన సెంటర్, పెద్దలు లేకపోతే నడవదు; అది లేకపోతే నేను మళ్లీ ఉద్యోగానికి, అమ్మకు మళ్లీ తాళమే.

ఒకరోజు అమ్మ కుర్చీ కూడా ఖాళీగా కనిపించింది. పిల్లల్ని పాస్టరుగారి భార్యకు అప్పగించి పరుగెత్తాను. మెట్రో స్టేషన్ దాటాక, తను ముప్పై ఏళ్లు ఊడ్చిన సందులోనే దొరికింది. వంగి ఎండుటాకులు చేత్తో పోగేస్తోంది. తిట్టే ఓపిక లేక పక్కనున్న అరుగు మీద కూలబడ్డాను. పోదాం రమ్మంటే తల ఎత్తలేదు.

“పని సెయ్యకపోతే హాజరెవులేత్తారే? నాగా పడిపోద్ది,” అంది.

నాగా అంటే, హాజరు పోయి ఆ రోజు జీతం కోత పడటమంటే, వాళ్లకెంత భయమో నాకు తెలియనిది కాదు. జ్వరంతో వణుకుతూ డ్యూటీకి పోయిన అమ్మను చూసినదాన్నే. చూసీ వాళ్లను కుర్చీల్లో కుదేశాను. సిగ్గేసింది.

మర్నాడు హాజరు పుస్తకం తెచ్చాను, బీరువా తెరిచాను. ఒకరికి వాకిలి, ఒకరికి అన్నం వడ్డన. పిల్లల చేతులు కడిగించడం, సాయంత్రం వాళ్లను ఇళ్లవాళ్లకు అప్పగించడం అమ్మకు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. మానేసినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. అమ్మ గేటు దగ్గర స్టూలు వేసుకుని చివరి పిల్ల వెళ్లేదాకా కదిలేది కాదు. బెంగాలీ పిల్లలు దిదా అనీ, మన పిల్లలు అమ్మమ్మ అనీ ఆమె కొంగు పట్టుకుని తిరిగేవారు.

నా పని తగ్గిందనుకోకండి. వాళ్లు ఊడ్చింది మళ్లీ ఊడ్చాలి. అమ్మ ఒకరి పిల్లను ఇంకొకరి చేతిలో పెట్టకుండా వెనకే కాపు కాయాలి.

మొన్న సాయంత్రం అందరూ వెళ్లాక గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఇంటికి పోయి వంట చెయ్యాలి, లేవబుద్ధి కాలేదు. అమ్మ వచ్చి నా అరచేతులు తిప్పి చూసింది. కుళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగి, కొంగుతో తుడిచి, తిరిగి మెట్టు మీద కూర్చోబెట్టింది. నన్ను పోల్చుకోలేదని అప్పటికి తెలిసింది.

“మీ యమ్మింకా రానేదేటే? డ్యూటీ దిగ్గానే ఒచ్చేత్తాది. అందాకా నానెక్కడికీ ఎల్లన్లే,” అని పక్కనే కూర్చుంది.

చిన్నప్పుడు ఆ మూసిన తలుపు వెనక నేను వినాలనుకున్న మాట అదే. ఏడుపొచ్చింది. గేటు తాళంచెవి ఒళ్లోనే ఉంది. వేళ దాటుతున్నా నేను లేవలేదు.