సత్తియ్య పంతులు నేర్పిన భిన్నాల లెక్క

పాలకొల్లు పక్క పల్లెలో పాతికేళ్లుగా బడి నడుపుతున్న సత్తియ్య పంతులుకి ఎక్కాలంటే మంచినీళ్లప్రాయం. పూర్ణసంఖ్యల ఎక్కాలు వేరు, అర, పాతిక, ముప్పాతికల ఎక్కాలు వేరు. వేర్వేరుగానే వల్లించాడు, వేర్వేరుగానే వల్లె వేయించాడు. ఇంతలో బీజగణితం కూడా చెప్పాలని కొత్త ఉత్తర్వు వచ్చిపడింది. ‘య’ అంటే తెలియని సంఖ్యట! తెలియనిదాన్ని పట్టుకుని ఏం లెక్కరా బాబూ అని విసుక్కుంటూనే పుస్తకం తెచ్చుకున్నాడు, తనకి తోచినట్టు పిల్లలకి నూరిపోశాడు.

ఆ ఉదయం ఇన్స్పెక్టరుగారు వచ్చారు. పిల్లలు లెక్క తప్పితే సర్కారిచ్చే గ్రాంటు పోతుంది, గ్రాంటు పోతే బడి మూతపడుతుంది. పంతులుకి రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

నల్లబల్ల మీద లెక్క పడింది. ‘య’లో సగానికి అయిదు కలిపినా, ‘య’లో మూడోవంతుకి తొమ్మిది కలిపినా ఒకటే. ‘య’ ఎంత?

పలకలన్నీ ఒక్కసారే లేచాయి. అన్నిటి మీదా నాలుగే. పంతులు మురిసిపోయాడు గానీ, పాత అలవాటు కొద్దీ ఆ నాలుగుని మనసులోనే లెక్కలో పెట్టి చూశాడు. ఒకవైపు ఏడు వచ్చింది. రెండోవైపు పది దాటిపోయింది. భిన్నాలు పోవడానికి ఆరుతో హెచ్చించమన్నది తనే. అయిదూ తొమ్మిదీ పూర్ణసంఖ్యలే కదా, వాటి జోలికి పోవద్దన్నదీ తనే. వాటినీ హెచ్చిస్తే ముప్పై, యాభైనాలుగు. అప్పుడు ‘య’ ఇరవైనాలుగు.

"అందరిదీ ఒకే తప్పేంటి? ఇలా చెయ్యమని ఎవరు చెప్పారు?" అని ఇన్స్పెక్టరుగారు పిల్లల్ని అడిగారు.

పంతులు ఇరకాటంలో పడ్డాడు. చెపితే బడి పోతుంది, చెప్పకపోతే పిల్లలు మొద్దులనిపించుకుంటారు.

ముందు వరసలోంచి బుల్లిరాజు లేచాడు. "పంతులుగారు సరిగ్గానే చెప్పారండి. మాకే ఒంటబట్టలేదండి."

వాడి అరచెయ్యి ఇంకా కమిలే ఉంది. నిన్న ఇలాంటి లెక్కలోనే పూర్ణసంఖ్యల్ని కూడా హెచ్చించాడని బెత్తం విరిగేలా కొట్టాడు పంతులు. ఆ దెబ్బకే ఇవాళ వాడూ నాలుగు రాశాడు.

"అబద్ధమండి" అన్నాడు పంతులు. "వాడికి వచ్చండి. నేనే చెడగొట్టాను."

ఇన్స్పెక్టరుగారి మొహం చూస్తేనే గ్రాంటు పోయిందని తెలిసిపోయింది. పంతులు సుద్దముక్క తీసి బుల్లిరాజు చేతిలో పెట్టాడు.

"నిన్న చేసినట్టు చెయ్యి నాయనా. ఈసారి నేను నేర్చుకుంటాను."