పక్కన పెట్టిన కంచం

ఒక మనిషి కంచాన్ని వేరు చేస్తే ఏ క్షయ ఆగింది? తెలిస్తే చెప్పండి. అశోక్‌నగర్ సందుల్లో మధ్యాహ్నం మెస్సుల్లోంచి స్టీలు కంచాల చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ నా చేయి దానంతటదే నోటికి అడ్డం వెళుతుంది. వెంటనే రజితక్క గుర్తుకొస్తుంది.

అక్కది, నాది అక్కడి హాస్టల్లో ఒకే గది. సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి గ్రూప్స్ పరీక్షలకు చదివేది. మెడ గ్రంథుల్లో క్షయ వచ్చి మందులు వాడుతున్నా, ఆ వాపును చున్నీతో కప్పుకునేది కాదు. కొన్నాళ్లకు నాకూ క్షయే అని తేలింది, ఊపిరితిత్తుల్లో. నేను చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లడం మానేశాను. చేయరాని పనేదో చేసి పట్టుబడినట్టు, దగ్గొస్తే దిండులో ముఖం దాచుకునేదాన్ని.

మా కంచాల అడుగున గోళ్ల రంగుతో పేర్లు రాసుకునేవాళ్లం. ఒక ఉదయం నా పేరున్న కంచం బయట కుళాయి గట్టు మీద కనిపించింది. హాస్టల్ ఆంటీ గుమ్మంలో నిలబడి ఉంది.

"రజితా, నీది మెడది, అంటుకోదన్నరు, నువ్వుండు. గీ పిల్లను ఇంటికి పొమ్మను."

నారాయణగూడ కాలేజీ డిబేట్లలో ఏ పక్షమిచ్చినా వాదించి గెలిచిన నేను సంచి సర్దుకోబోయాను. అక్క ముందుగా ఆంటీ పక్షమే మాట్లాడింది. "మీ భయం తప్పు గాదు. దగ్గితే గాలిలకెళ్లి అంటుకుంటది. డాక్టర్ సరే అనేదాక ఇది మాస్కు పెట్టుకొని, మేడ మీది గదిల కిటికీలు తీసి పండుకుంటది. కంచమేం జేసింది ఆంటీ?"

"పరేషాన్ జెయ్యకు. నీకు మెడకొచ్చింది, దీనికి ఛాతికెందుకొచ్చింది? ఏం తిరుగుళ్లు తిరిగిందో!"

అక్క నవ్వింది. "ఏడ కూసోవాల్నో ఆ రోగానికి మేం చెప్పినమా? ఒంట్ల బలాన్ని బట్టి ఉంటది. క్షయ క్రిమిల గూడ రకాలున్నయి. దాని జన్యువులను బట్టి గూడ ఉండొచ్చని వెతుకుతున్నరు, ఇంకా పూర్తిగ తేలలే. నడవడికను బట్టి అని మాత్రం ఎవ్వరనలే."

అని, తన కంచం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. ఆంటీ గొణుక్కుంటూ మేడ మీది గది తాళం ఇచ్చింది. కంచాలను మాత్రం లోపలికి రానివ్వలేదు.

"క్రిమి జన్యువులే కారణమని తేలితే ఈ సిగ్గు పోతదా అక్కా?" అని ఆ సాయంత్రం అడిగాను.

"తేలకున్నా పోవాలె. డిబేట్లు చేసినదానివి గదా, సిగ్గుపడేటందుకు సాక్ష్యమేందో నువ్వే చెప్పు."

నెలల తరబడి మందులు వాడాక ఇద్దరికీ నయమైంది, అక్క ఇప్పుడు ఒక జిల్లాలో ఉద్యోగం చేస్తోంది. సాక్ష్యం ఈనాటికీ దొరకలేదు. సిగ్గు మాత్రం పూర్తిగా వదలలేదు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లోనో హాస్టల్లోనో ఎవరైనా విడవకుండా దగ్గుతుంటే కిటికీలు తెరవండి. పరీక్షకు తోడు వెళ్లండి. మందులు పూర్తయ్యేదాకా అడుగుతూ ఉండండి. ఆ మనిషి కంచాన్ని మాత్రం మీ కంచాల మధ్యే ఉంచండి.