హాయిల్ రెల్లులో బస్రా పిట్ట, దాని కాపలాదారు రాజన్న

సౌదీలో మాలాంటివాళ్ళ కుటుంబాల మీద లెవీ, అంటే తలకింతని నెలనెలా పన్ను, మొదలైన ఏడాది మా ఆవిడనీ ఇద్దరమ్మాయిలనీ కడపకు పంపేశాను. బురైదాలో మిగిలింది ఆఫీసు, గది, మళ్ళీ ఆఫీసు. సెలవురోజున గోడలు చూస్తూ కూర్చోలేక ఒక బైనాక్యులర్ కొనుక్కున్నాను. పిట్టల పిచ్చి అలా పట్టుకుంది. ఏప్రిల్ చివర్లో, హాయిల్ నుంచి మా మార్కెట్టుకు కూరగాయలు తెచ్చే హైదరాబాదీ డ్రైవర్ ఖాదర్ భాయ్ ఓ మాటన్నాడు. "మా తోటల జగిత్యాల రాజన్న ఉన్నడు భాయ్. ఏందో బస్రా పిట్టంట, దానికోసం పానం ఇడుస్తడు." వినగానే తోటకు దారి రాయించుకున్నాను. దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల రెల్లులో గూడు కట్టి, చలికాలం తూర్పు ఆఫ్రికాకు వెళ్ళి, వసంతంలో ఈ ఎడారి మీదుగా తిరిగొచ్చే పాటల పిట్ట అది. ఆ చిత్తడి నేలలు చాలావరకు ఎండిపోయి, ఇప్పుడు ప్రపంచంలోనే అరుదైపోయింది.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాను. బురైదా నుంచి హాయిల్‌కు దాదాపు మూడు గంటలు, రోడ్డు బాగుంటుంది. పోనూ రానూ పెట్రోలు వంద రియాళ్ళ లోపే. దారిలో ఒక బంకు పక్కన వేడి తమీస్ రొట్టె, పప్పు, చాయ్ కలిపి ఎనిమిది రియాళ్ళు. తోట చేరేసరికి ఎనిమిది. గోధుమ మళ్ళ చివర, వాడిన నీళ్ళు చేరే మడుగు చుట్టూ మనిషెత్తు రెల్లు. చేతిలో కొడవలితో రాజన్న ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, పదిహేనేళ్ళుగా ఇక్కడి కాలువల పని ఆయనదే.

నేను తెలివి చూపిద్దామని ఫోనులో ఆ పిట్ట పాట పెట్టాను. రాజన్న మొహం మారిపోయింది.

"బంద్ జెయ్ సార్! వలలేసెటోళ్ళు గూడ గిట్లనే పాట పెడ్తరు. తనోళ్ళు పిలిశిన్రని ఉరికొస్తది. అది గీడ దిగేదే పురుగులు తిని, ఇంత కొవ్వు పట్టిచ్చుకొని పోవుడుకు. ఆడిచ్చుడు మొదలువెడ్తే ఎప్పుడు తినాలె?"

సిగ్గుతో ఫోను జేబులో పెట్టేశాను. పుస్తకాలు చదివిన నాకు తట్టని సంగతి అది. అరగంట కిక్కురుమనకుండా కూర్చున్నాక రెల్లు కాడ మీద కనిపించింది. బూడిద గోధుమ వీపు, తెల్లని పొట్ట, సన్నని పొడుగు ముక్కు. గుప్పెడు బొరుగులంత బరువుండదు.

"మంచిగ సూస్కో సార్. పది గంటలకు పొక్లెయిన్ వస్తున్నది. మొత్తం పీకుమన్నడు ముదీర్."

ఉద్యోగాల్లో సౌదీలకు వాటా ఇవ్వాలనే నితాఖాత్ వల్ల పాత మేనేజరు పోయి, ఓ సౌదీ కుర్రాడు కొత్తగా ముదీర్ అయ్యాడు. రెల్లు వల్ల కాలువ పూడుతోందని ఆయన ఫిర్యాదు. ఇక్కడ ఉండేందుకు కావలసిన ఇఖామా, రాజన్నది, దాని రెన్యువల్ కాగితం ఆ నెలే ఆయన బల్ల మీద ఉంది. ఎదురు చెబితే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపొచ్చు.

"మరి ఊరుకో రాజన్నా," అన్నాను భయంతో.

"ఊకుంటే ఇవి ఏడికి పోవాలె? సుట్టూరంగ ఇంకో రెల్లు లేదు."

పదికి పొక్లెయిన్ వచ్చింది, వెనకే ముదీర్ జీపు. రాజన్న యంత్రానికి అడ్డంగా నిలబడి, వచ్చీరాని అరబీలో చెప్పుకుపోయాడు. ముందు కాలువ మూతి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ రెల్లు తానే కోసేశాడు, నీళ్ళు గలగలా పోతున్నాయి. మిగతాది పిట్టలు వెళ్ళాక కోస్తానన్నాడు. నేను బైనాక్యులర్ ముదీర్ చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు.

"ఎప్పటిదాకా?"

"మే నెల సగం దాకా."

"రాసివ్వు. పై వాళ్ళకు నేను చూపించాలి."

ఆఫీసులో రాజన్న చెబుతుంటే నేను అరబీలో రాశాను: ఏటా ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కోయకూడదు, కాలువ మూతి ఎన్ని రోజులకోసారి చేత్తో కోయాలి. కింద రాజన్న తెలుగులో, పెద్ద అక్షరాలతో సంతకం చేశాడు. ముదీర్ దాని పక్కనే కంపెనీ ముద్ర కొట్టాడు. తర్వాత ఇఖామా కాగితం లాగి, దాని మీదా సంతకం పెట్టాడు. పొక్లెయిన్ తిరిగి వెళ్ళిపోయింది. రాజన్న కొడవలి తీసుకుని పనికి లేచాడు.

ఇన్నేళ్ళ గల్ఫ్ బతుకులో మనవాళ్ళు కట్టిన మేడలు, వేసిన రోడ్లు చాలా చూశాను. ఆ కాగితం చూసినప్పుడు కలిగినంత గర్వం మాత్రం ఎప్పుడూ కలగలేదు. ఫోటో తీసి కడపకు పంపాను, ఈ తెలుగు సంతకం మన మనిషిది అని రాసి.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎనిమిదిలోపే చేరండి. గేటు దగ్గర అనుమతి అడిగేటప్పుడు మీ కంపెనీ కార్డు తీయకండి, రాజన్న పేరు చెప్పండి. ఇప్పుడక్కడ అదే పనిచేస్తోంది.