ఎప్పుడొస్తాదన్నా?

పదేళ్ల పైనుంచీ ఒక జవాబు మోస్తున్నాను. అది పచ్చి అబద్ధమైతే ఎప్పుడో ఎవరి దగ్గరో దించేసేవాణ్ణేమో. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అందుకే ఎట్లా చెప్పుకోవాలో తెలియలేదు.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అట్లయితేనే రాయగలను. ఏడుపు రావడం లేదు. చాలా కాలంగా ఈ విషయంలో నాకు ఏమీ అనిపించడం లేదు. అనిపించకపోవడమే నన్ను భయపెట్టింది.

నంద్యాలలో ఒక నూనె మిల్లులో గుమాస్తాను. అయిదో తరగతితో బడి మానేశాను. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. వడ్డీలు, వాటాలు, తరుగులు నోటితోనే కట్టి చెప్పేవాణ్ణి. ఎవరు కొట్టు పెట్టాలన్నా, ఎద్దులు కొనాలన్నా ఒకసారి నా దగ్గర కూర్చుని పోయేవాళ్లు. నేను సరే అంటే సరే. ఆ పేరు నాకు ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే. దాచను.

మిల్లులో నా పనుల్లో ఒకటి లారీలకు కిరాయి ఇవ్వడం. మద్రాసుకు నూనె డబ్బాల లోడు పోయేది. ట్రిప్పుకు కిరాయి పదకొండు వందలు. ఎత్తేటప్పుడు అడ్వాన్సు నాలుగు వందలు. అది డీజిలుకు, డ్రైవరు బత్తాకు, దారి మామూళ్లకు సరిపోయేది. మిగిలిన ఏడు వందలు లారీ ఓనరువి. అయితే ఆ ఏడు వందలూ మిల్లు వెంటనే ఇచ్చేది కాదు. మద్రాసు వ్యాపారి డబ్బు పంపాలి, కారిన డబ్బాల నష్టం తేలాలి, మిల్లు సావుకారికి మనసు రావాలి. మొత్తానికి మూడు నెలలు. లారీ ఓనర్లు గేటు దగ్గర బీడీలు కాలుస్తూ నిలబడేవాళ్లు. వరసలో రావాలని చెప్పి పంపేది నేనే.

ఒక్క లారీకి మాత్రం లోడు దిగిన వారంలోనే ఇచ్చేవాణ్ణి. అందులో సగం నాది.

మిల్లు గుమాస్తాకు మిల్లు లోడు ఎత్తే లారీ ఉండకూడదు. అందుకని ఆర్సీ బుక్కు డోన్‌లో ఉన్న నా స్నేహితుడి పేరుమీద ఉండేది. డెబ్బయిల మధ్యలో ఇద్దరం చెరి సగం వేసుకుని ఆ పాత బండిని కొన్నాం. దానికి డ్రైవరు దేవదానం. ఆళ్లగడ్డ మనిషి. తాగడు, ఆదివారం చర్చికి పోతాడు, బండిని బిడ్డ మాదిరి చూసుకుంటాడు. బ్యాలెన్సు కిరాయి నా చేతి నుంచి తీసుకుని డోన్‌లో ఇచ్చి వచ్చేది అతనే. సగం తిరిగి నా దగ్గరికే వస్తుందని అతనికి తెలియదు.

మూడేళ్లకు సావుకారి ఒక పొద్దున నన్ను పిలిచి, అందరూ నెలల తరబడి తిరుగుతుంటే ఈ ఒక్క బండికి ముందే ఎందుకు ఇస్తున్నావని అడిగాడు. డ్రైవరు మంచోడు, డబ్బా కూడా కారనివ్వడు అని చెప్పాను. సావుకారి తల ఊపాడు. నమ్మలేదు. ఆ వారమే డోన్‌కు పోయి, బండి అమ్మేద్దామని స్నేహితుడికి చెప్పి వచ్చాను.

కొంటానని దేవదానమే ముందుకొచ్చాడు. ఆళ్లగడ్డలో కేసీ కాలువ కింద అతని భార్య రత్నమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన ఎకరన్నర ఉంది. దాన్ని తాకట్టు పెట్టి కొంత కడతాడు, మిగతాది ఫైనాన్సు. లెక్క చూసి చెప్పమని నన్నే పిలిచాడు. నన్ను కాక ఎవర్ని పిలుస్తాడు?

పోయాను. ఒక ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి వాళ్లింటికి పోయేసరికి రత్నమ్మ ఉగ్గాని చేసి పెట్టింది. తిన్నాను. తిన్న తర్వాత వసారాలో కూర్చుని, వాళ్లు వినేట్టు లెక్క చెప్పాను. నెలకు ఆరు ట్రిప్పులు. ట్రిప్పుకు ఏడు వందల చొప్పున నాలుగు వేల రెండు వందలు. ఫైనాన్సు కంతు రెండు వేల నూరు. టైర్లకు, ట్యాక్సుకు, రిపేర్లకు పన్నెండు వందలు పక్కన పెట్టాలి. మిగిలేది తొమ్మిది వందలు. అప్పుడు అతని జీతం దాంట్లో మూడో వంతు కూడా లేదు.

దేవదానం మొహం వెలిగింది. రత్నమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

"కిరాయి ఎంతొస్తాదో చెప్పినావు," అన్నది. "ఎప్పుడొస్తాదన్నా?"

దేవదానం నవ్వాడు. "మా యామెకు పొద్దుగూకేసరికి కూలి చేతిలో పడాలన్నా, లేకుంటే నిద్ర పట్టదు. లారీ అంటే కలుపు తీసేది అనుకుంటాండావా మే?"

"నిన్ను అడగలా. అన్నను అడుగుతాండా."

నాకు జవాబు తెలుసు. మూడు నెలలకు. మూడు నెలల బ్యాలెన్సు అంటే పన్నెండు వేల ఆరు వందలు. అంత డబ్బు ముందే చేతిలో ఉన్నవాడే ఆ బండిని నిలబెట్టుకోగలడు. ఆమె అడగకముందే ఆ అంకె నా తలలో ఉంది. బస్సులో వస్తున్నప్పుడే కట్టుకున్నాను.

"ఇన్ని దినాలు ఎట్లొచ్చిందో మీ ఆయన చూస్తానే ఉండాడు కదమ్మా," అన్నాను.

"అద్దీ!" అన్నాడు దేవదానం. "లోడు దిగిన వారానికి ఈ అన్న చేతుల మీదనే ఇచ్చినాడు. తీసకపోయి ఓనరుకు ఇచ్చింది నేనే గదా. ఇంగేం కావాల నీకు?"

ఆమె నన్నే చూసింది. "అట్లయితే సరే," అన్నది. గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

అంతే. అదే నేను చేసింది. ఇది చదివి మీరు ఇంతేనా అనుకోవచ్చు. చాలా ఏళ్లు నేనూ అట్లే అనుకున్నాను. బండి ధరలో మోసం లేదు. ఇంజను దోషాలు దాచలేదు. చెప్పిన అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు, ఎందుకంటే అవన్నీ ఆ బండి నిజంగా సంపాదించిన అంకెలే, కాకపోతే ఆ సంపాదన వెనక కిరాయి ఇచ్చే కిటికీలో కూర్చున్న సగం ఓనరు ఉన్నాడని, ఆ ఓనరు రేపటినుంచి ఉండడని వాళ్లకు తెలియదు. ఆ సంగతి చెప్పడానికి నాకు ఎంత సేపు పట్టేది? ఒక్క మాట. చెప్తే ఏమయ్యేది? బండి అమ్ముడుపోయేది కాదు. లేదా మిల్లులో నా పని పోయేది. ఆ రెంటిలో దేనికి భయపడ్డాను? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నా వాటా నాకు వచ్చింది. దాంతో నంద్యాలలో, గోడల దగ్గరే ఆగిపోయి ఉన్న రెండు గదులు పూర్తి చేసుకున్నాను. కింద పరవడానికి బేతంచెర్ల బండలు కావాలంటే, తన సొంత బండి అయిన తర్వాత మొదటి ట్రిప్పు నాకే వేస్తానని దేవదానం పట్టుబట్టి లోడు తెచ్చాడు. రేడియేటరు మీద బంతిపూల దండ ఉంది. నేను కిరాయి ఇస్తే తీసుకోలేదు. నీ చలవతోనే ఓనరునైనా అన్నాడు. డీజిలు కూడా తనదే. నేను నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నాను.

తర్వాతది ఊహించడం కష్టం కాదు. మొదటి నెల బ్యాలెన్సుకు అతను కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు, వరసలో రావాలని చెప్పాను. అతను తమాషా అనుకుని నవ్వాడు. తర్వాత మిగతా ఓనర్ల పక్కన గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

సావుకారి కన్ను నా మీద ఉన్నమాట నిజం. కానీ అదొక్కటే కారణమా? ఆ బండికి ముందే ఇవ్వడం ఆపేశానని, నాకు దాంతో ఏ సంబంధమూ లేదని సావుకారికి కనబడాలంటే దేవదానం ఆ గేటు దగ్గర నిలబడి ఉండాలి. ఎంత ఎక్కువ కాలం నిలబడితే నాకు అంత మంచిది. ఆ యేడు సావుకారి నాకు జీతం పెంచాడు.

దేవదానం ఆళ్లగడ్డలో మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మొదటి కంతులు కట్టాడు. తర్వాత అయిదు రూపాయల వడ్డీకి తెచ్చాడు. టైరు పేలితే అరువు టైరు వేశాడు. నాలుగో నెల నుంచి మిల్లు ఇచ్చిన బ్యాలెన్సు ఆ అప్పులకే పోయేది. తర్వాత ఎవరూ అప్పు ఇవ్వలేదు. మూడు కంతులు నిలిచిపోయాయి. చాగలమర్రి దగ్గర, మద్రాసుకు పోయే దారిలో, ఫైనాన్సువాళ్లు బండి ఆపి తాళాలు తీసుకున్నారు. నూనె డబ్బాల్ని ఇంకో లారీకి మార్చి పంపించాం. ఆ లారీకి అడ్వాన్సు ఇచ్చింది నేనే.

ఆ సాయంత్రం ఊరికే లెక్క చూశాను. అతను ఫైనాన్సుకు కట్టాల్సింది ఆరు వేల మూడు వందలు. మిల్లు అతనికి ఇవ్వాల్సింది పన్నెండు వేల ఆరు వందలు. సరిగ్గా రెండింతలు. రెండింతలు రావాల్సిన మనిషి బండి పోగొట్టుకున్నాడు. లెక్క సరిపోయిందని అనుకున్నానే గానీ ఇంకేమీ అనుకోలేదు. అప్పుడే నాలో ఏదో మొద్దుబారిపోయి ఉండాలి.

ఆ డబ్బు అతనికి తర్వాత ఇచ్చాం, లోడు మార్చిన ఖర్చు పట్టుకుని. అది వడ్డీలకు పోయింది. ఎకరన్నర పోయింది. దేవదానం మళ్లీ ఇంకొకరి లారీకి డ్రైవరు. రత్నమ్మ తన చేలోనే, కొన్నవాళ్ల దగ్గర, కూలికి కలుపు తీస్తుంది. కూలి పొద్దుగూకేసరికి ఇస్తారు.

దేవదానం నంద్యాలకు వచ్చినప్పుడు ఇప్పటికీ మా ఇంటికి వస్తాడు. ఆ బండల మీదే గోడకు ఆనుకుని కూర్చుంటాడు. "నీ లెక్క తప్పు గాదన్నా, నాకే అచ్చిరాలా," అని ఒకసారి అన్నాడు. ఎండాకాలంలో కూడా ఆ బండలు చల్లగా ఉంటాయి. నేను మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాను. కొత్తగా బండి కొనాలనుకునేవాళ్లను అతనే నా దగ్గరికి పంపిస్తుంటాడు. వాళ్లకు మూడు నెలల సంగతి ముందే చెప్తాను. అందరికీ చెప్తాను. దాంతో ఏమీ తీరదని నాకు తెలుసు.

రత్నమ్మ ఒక్కసారి కూడా రాలేదు. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. అట్లయితే సరే అన్నప్పుడు నా మొహంలో ఏం చూసిందో అదీ తెలియదు. ఆమె దగ్గరికి పోయి చెప్పే ధైర్యం నాకు లేదు. ఇది రాసిన తర్వాత కూడా ఆ ధైర్యం రాలేదు. క్షమించమని అడగడం లేదు. అడిగితే అదొక బేరం అవుతుంది. ఆమె అడిగిన దానికి జవాబు మాత్రం ఒక్కసారి ఎక్కడైనా ఉండాలి.

మూడు నెలలకమ్మా. మూడు నెలలకు వస్తాది.