తాతయ్య నాకిచ్చిన గోగు మోపు

నా చిన్నప్పుడు, అంటే నాకు పద్నాలుగేళ్ళు నిండిన ఏడు, మా ఇంటి నడవ గోడకి ఒక కాగితం ఉండేది. మా చిన్నత్త గంజి రాసి అంటించింది. స్కేలు పెట్టి గీసిన గళ్ళు, ఎర్ర సిరాతో గంటలు, నల్ల సిరాతో సబ్జెక్టులు. పొద్దున్న ఐదు నుంచి ఆరు తెలుగు, ఆరు నుంచి ఏడు ఇంగ్లీషు, ఏడు నుంచి ఎనిమిది లెక్కలు, తరువాత హిందీ, సైన్సు, సోషలు. ఎవరికీ అన్యాయం జరగకూడదన్నట్టు అన్నిటికీ తలా ఒక గంట. సాయంత్రం మళ్ళీ అదే వరస. ఆ కాగితం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు తలచుకున్నా కాస్త మండుతుంది.

నన్ను బడి మాన్పించారు. హైస్కూలు చంపావతికి అవతల ఉండేది. వానాకాలం ఏరు దాటాలి, ఎండాకాలం ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ పోవాలి. నేను పెద్దమనిషినయ్యాక మా నాన్న ఇక చాలన్నాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆకలికి ఆగలేక రెండు పూటల తిండి ఒకేసారి తిన్నాను, అది వేరే సంగతి. చివరికి మా చిన్నత్త, అంటే నాన్న చెల్లెలు, అన్నగారితో దెబ్బలాటకి దిగింది. "బడికి పంపకపోతే పోనీ. ఇంటికాడ నాను సదివిస్తాను. మెట్రిక్కు ప్రైవేటుగా కట్టించు" అంది. నాన్న తలెత్తి అటక వైపు చూశాడు. తరువాత, "ఒక్కపాలే. తప్పితే మరి పుస్తకాల మాట ఎత్తకూడదు" అన్నాడు.

ఆ ఒక్కసారి అనే షరతు ఊరికే రాలేదు. చిన్నత్త కూడా పెళ్ళికి ముందు ఇలాగే ఇంట్లో చదివి మెట్రిక్కు కట్టింది. లెక్కల్లో తప్పింది. ఆ మర్నాడే ఆమె పుస్తకాలు అటకెక్కాయి. నా కోసం కిందికి దింపి దుమ్ము దులిపినవి ఆ పుస్తకాలే. మామయ్య ఖరగ్‌పూర్‌లో రైల్వే పనిలో ఉండేవాడు. అక్కడ క్వార్టరు దొరికేదాకా అత్త మా ఇంట్లోనే ఉంది. ఉత్తరం ఏ రోజు వస్తే ఆ రోజు పెట్టె సర్దుకోవాలి. అందుకని ఆమెకి తొందర. నాకు పుట్టుకతోనే తొందర. మా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెడితే చదువు ఎలా సాగుతుందో మీరే అనుకోండి.

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. తెలుగు పద్యాలు నాకు ముందే వచ్చు, అయినా గంట కూర్చోవాలి. కూర్చుని పెంకులు లెక్కపెట్టేదాన్ని, బస్సు మోత వినిపిస్తే గుమ్మం దాకా వెళ్ళి వచ్చేదాన్ని. లెక్కల గంటలో మాత్రం ఒక లెక్క దగ్గర చిక్కుకుపోయేవాళ్ళం. అత్తకీ వచ్చేది కాదు. ఆమె పుస్తకంలోకి వంగి పెదాలు కదుపుతూ చదువుకునేది, నేను కాళ్ళు ఊపుతూ ఉండేదాన్ని. దారి దొరికేసరికి ఎనిమిదయ్యేది, కాగితం ప్రకారం హిందీ మొదలుపెట్టేవాళ్ళం. మర్నాడు లెక్క మళ్ళీ మొదటికొచ్చేది. ఆదివారం నాడు అత్త మిగిలిన పేజీలు లెక్కపెట్టి, ముఖం చిన్నబుచ్చుకుని, కొత్త కాగితం గీసేది. అందులో లేచే వేళ ఐదు నుంచి నాలుగున్నర అయ్యేది. తరువాతి ఆదివారం నాలుగయ్యేది. వినాయక చవితి వచ్చేసరికి అత్త పుస్తకం తెరిస్తే నేను పెరట్లోకి పారిపోవడం మొదలైంది.

ఇదంతా మా తాతయ్య అరుగు మీద పడుకుని వింటూ ఉండేవాడు. ఆయనకి చదువు రాదు. ఆయనకి వచ్చింది వరి, గోగు. గోగు అంటే గోంగూరకి చుట్టం, నార కోసం వేసే పంట. మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది. కోసి, ఆకు రాల్చి, మోపులు కట్టి, నీళ్ళలో ఊరబెడితే బెరడు వదిలి నార వస్తుంది. మా నార నెల్లిమర్ల జూట్ మిల్లుకి బండ్ల మీద వెళ్ళేది. ఏటా వేసే పంటే అయినా, ఊరబెట్టే మడుగు దగ్గరికి నన్నెప్పుడూ రానిచ్చేవారు కాదు. ఆ కంపు అలాంటిది. ఆరబెట్టాక తెల్లగా మెరుస్తూ ఇంటికొచ్చిన నారే తప్ప దాని వెనకటి కథ నాకు తెలియదు.

ఆ ఏడు గోగు కోసిన రోజుల్లో తాతయ్య నన్ను పిలిచాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. "ఒసే గుంటా, ఈ మోపు నీది. నీకు తోసినట్టు ఊరబెట్టుకో. నార తీసి నాకు సూపించు" అన్నాడు. ఆ పూటకి కాగితం తప్పింది కదా అని నేను లంగా ఎగ్గట్టి పరుగెత్తాను.

మడుగు దగ్గర పనివాళ్ళు తాతయ్య మోపుల్ని మోకాటిలోతు నీళ్ళలో వరసగా నిలబెడుతున్నారు. మొదళ్ళు మాత్రమే మునిగాయి, పైదంతా బయటే ఉంది. ఇదేం బద్ధకం అనుకున్నాను. సగం కూడా మునగకపోతే ఎప్పటికి ఊరుతుంది? నా మోపుని నేను అడ్డంగా పడుకోబెట్టి, రాళ్ళెత్తి, పైన బురద మెత్తి, మొత్తం ముంచేశాను. తాతయ్య గట్టు మీద నిలబడి చూశాడు. "సరేనా తాతా?" అంటే, "నీ మోపు నీ ఇష్టం" అన్నాడు. నాలుగు రోజుల తరువాత వాళ్ళు కూడా తమ మోపుల్ని పడుకోబెట్టారు. నేను నాలుగు రోజులు ముందున్నానని మురిసిపోయాను.

రోజుకి రెండుసార్లు వెళ్ళి చూసేదాన్ని. రాళ్ళు కదిలించి, చేతికి అందిన కొస పట్టుకుని గిల్లి చూసేదాన్ని. పన్నెండో రోజున కొస బెరడు వేలికి చక్కగా జారి వచ్చింది. ఎవరినీ అడగకుండా మోపుని ఒడ్డు దగ్గరికి లాక్కొచ్చాను. మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఒక పుల్ల తీసి నార వొలిచాను. కొస నుంచి సగం దాకా పట్టులా వచ్చింది. అక్కడ ఆగింది. మొదలు దగ్గర బెరడు పుల్లని పట్టుకుని వదల్లేదు. గట్టిగా లాగితే తెగిపోయింది. ఇంకొకటి తీశాను, అదీ అంతే. ఏడుపొచ్చింది. మళ్ళీ ముంచేశాను. ఐదు రోజులకి మొదళ్ళు వదిలాయి, కానీ అప్పటికి కొసలు కుళ్ళి జిగురైపోయాయి. చేతికి మిగిలింది పొట్టి పొట్టిగా నల్లబడ్డ పీచు. పక్కనే తాతయ్య మోపుల నుంచి మనిషి పొడవు నార తెల్లగా దిగుతోంది. నేను ఆ బురదలోనే కూర్చుని ఏడ్చాను. నన్ను వెతుక్కుంటూ వచ్చిన చిన్నత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గట్టు మీద నిలబడింది.

తాతయ్య నా చేతిలోని పీచు తీసుకుని చూశాడు. "మొదలు లావు, కొస సన్నం. రెండూ ఒక్క దినానే ఊరాలంటే లావుదానికి నాలుగు దినాలు ముందు నీల్లు తగలాల. అందుకే నిలబెట్టినాం. నువ్వు అన్నీ ఒక్కపాలే ముంచీసినావు. సూసినప్పుడు కొస పట్టుకుని సూసినావు. అది ఎప్పుడూ ముందే వస్తాది" అన్నాడు.

నాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువైంది. ముందే ఎందుకు చెప్పలేదని అరిచాను. "సెప్తే వింటావేటి?" అన్నాడు, అంతే.

ఆ సాయంత్రం నాన్న పాడైన మోపు సంగతి విని తండ్రి మీద విసుక్కున్నాడు. తాతయ్య తుండుతో చేతులు తుడుచుకుంటూ, "మోపే పోనాదిరా, ఏడాది పోలేదు" అన్నాడు. నాన్నకి అర్థం కాలేదు. అత్తకి అయింది. ఆమె వెళ్ళి గోడ మీది కాగితం ముందు నిలబడింది. తాతయ్య ఆమె వెనకే వెళ్ళాడు. "నాకు అచ్చరం ముక్క రాదు. నువ్వే సెప్పు. ఇందులో లావుదేటి, సన్నందేటి?" అని అడిగాడు. లావువి లెక్కలు, ఇంగ్లీషు, మిగతావన్నీ సన్నం అంది అత్త. "మరి దానికీ గంటే, దీనికీ గంటేనా?" అన్నాడు ఆయన. తరువాత పరీక్ష ఏ నెలలో అని అడిగి, ఫాల్గుణం అంటే, వేళ్ళు ముడుస్తూ వెనక్కి లెక్కపెట్టాడు. నార బండెక్కే రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుని గాని తాను విత్తనం చల్లనని చెప్పాడు. మేమిద్దరం మాత్రం జూన్ నుంచి ముందుకి పరుగెడుతూనే ఉన్నాం, ఎక్కడికి చేరాలో చూడకుండా.

అత్త ఆ కాగితాన్ని చింపేసింది. కొత్తదానిలో గంటలు లేవు. దీపావళికి బీజగణితం. కార్తీక పున్నమికి రేఖాగణితం. ఆ రెంటి పక్కనా ఇంగ్లీషు వ్యాకరణం. మిగతా నాలుగు సబ్జెక్టులు పుష్యమాసం దాకా ముట్టకూడదు. వినడానికి తేలికగా ఉందేమో, నాకు నరకంలా ఉండేది. సోషలు పుస్తకం గూట్లోంచి నన్నే చూస్తున్నట్టుండేది. రాత్రులు నిద్రలో ఉలిక్కిపడి లేచి, హిందీ ఒక్క పాఠం కూడా చదవలేదని అత్తని నిద్రలేపేదాన్ని. "అది కొస. పడుకో" అనేది అత్త. ఆమెకి మాత్రం ధైర్యముందా? ఉత్తరాల మనిషి వీధిలోకి వస్తే చాలు, ఆమె చేతిలోని పెన్సిలు ఆగిపోయేది.

ఆదివారాలు తాతయ్య పరీక్ష పెట్టేవాడు. పుస్తకం సరిగ్గా మధ్యకి తెరిచి, ఏదో ఒక చోట వేలు పెట్టి, "ఇది సెప్పు" అనేవాడు. మొదటి పాఠాలు ఎప్పుడూ అడగలేదు. మోపు మధ్యలోంచి లాగిన పుల్లే నిజం చెబుతుందని ఆయన నమ్మకం. నేను చెప్పింది ఆయనకి ఒక్క ముక్క తెలియదు, నా ముఖం మాత్రం చూసేవాడు. నేను తడబడినా, తడబాటు దాచడానికి గబగబా చదివేసినా, "ఊరలేదు" అని పుస్తకం మూసేసేవాడు. కోపంతో పళ్ళు కొరికేదాన్ని గానీ, ఒక్కసారి కూడా ఆయన పొరపడలేదు. కార్తీకంలో ఒకరోజు అత్త, తాను పరీక్షలో తప్పిన లెక్కని నా పలక మీద చివరిదాకా చేసింది. చేసి, ఆ పలకని తుడవనివ్వకుండా గూట్లో పెట్టింది.

పుష్యంలో ఉత్తరం వచ్చింది. మూడు రోజుల్లో అత్త వెళ్ళిపోయింది. ఇల్లు కదిలేముందు నాకు గోడ మీది కాగితంలో మిగిలిన నాలుగు సబ్జెక్టుల పేర్ల మీద వేలు పెట్టి చూపించింది. నేను ఒక్కదాన్నే ఆ నాలుగూ చదివాను. లావువి అప్పటికే నాని ఉన్నాయి గనక ఇవి చకచకా సాగాయి. నాన్న నన్ను విజయనగరం తీసుకెళ్ళి పరీక్ష రాయించాడు. లెక్కల రోజున బల్ల కింద నా కాలు ఊగుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఊగలేదు.

ఫలితాల రోజున నాన్న పేపరు కోసం పొద్దున్నే వెళ్ళాడు. నేను వీధికీ పెరటికీ ఎన్నిసార్లు తిరిగానో. నాన్న తిరిగొచ్చి నా ముందు పేపరు పరిచి, నంబరు మీద వేలు పెట్టి, "ఉన్నాది" అన్నాడు. తరువాత, టీచరు ట్రైనింగుకి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో కనుక్కొస్తానన్నాడు. తాతయ్య పాసయ్యావా అని అడగలేదు. "మొదలు ఊరిందేటి?" అన్నాడు. ఊరింది తాతా అన్నాను. నా జన్మలో అంత గర్వంగా ఇంకే మాటా చెప్పలేదు.

అత్తకి కార్డు రాశాను. పది రోజులకి జవాబు. సంతోషం అని ఒక వాక్యం, ఆ కిందనే ఇంకొకటి: నా పుస్తకాలు నాకు పంపించు, ఈసారి మెట్రిక్కు నేను కడతాను. పుస్తకాలు కట్టడానికి తాడు కోసం వెతుకుతుంటే తాతయ్య చూరులోంచి ఒకటి తీసి ఇచ్చాడు. పొట్టి నారతో పేనింది, నల్లగా ఉంది. నా మోపులోది. ఆయన దాన్ని పారెయ్యలేదు. దానితోనే పార్సెలు కట్టాను.

నాకిప్పటికీ నిలకడ రాలేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను, ఒక్కరోజూ కుర్చీలో కూర్చోలేదు. ఇప్పుడు నా మనవరాలు ఇంట్లోనే చదువుకుంటోంది, దానికి కాగితం గీసి ఇవ్వమని నా కూతురు అడిగితే నా చెయ్యి ముందు గళ్ళ మీదికే పోతుంది. అప్పుడు ముక్కుకి మడుగు కంపు తగులుతుంది. పెన్సిలు పక్కన పెట్టి, ఆ పిల్లని పిలిచి, నీకు ఏది రాదే అమ్మా, ముందు అది చెప్పు, అంటాను.