రెండుసార్లు లెక్కపెట్టిన ఇళ్లు

మా ఆయన దినం నాడు అన్నం మిగిలిపోయింది. కొంచెం కాదు, రెండు గుండిగలు. వంటాయన వచ్చి, “నలభై మంది పైనే రాలేదమ్మా” అన్నాడు.

ఎంతమందికి వండాలో చెప్పింది నేనే. ఆయనతో రైల్వే షెడ్డులో డ్యూటీ చేసేవాళ్ల ఇళ్లు నలభై, ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్ల ఇళ్లు ముప్పై. డెబ్బై ఇళ్లు, ఇంటికి ఇద్దరు. నేను లోపలి గదిలో మూల కూర్చున్నాను. చావింట్లో తిన్నవాళ్లు వెళ్లొస్తామని చెప్పరు, లేచి వెళ్లిపోతారు. ఎవరొచ్చారో నాకు తెలియదు. నాకు కనబడింది మిగిలిన అన్నమే. దాన్ని మర్నాటికి ఉంచకూడదని తోర్వా పేట వైపు తీసుకెళ్లి ఆవులకు పెట్టారు.

ఎవరింట్లో పీనుగ లేచినా ముందు భుజం పట్టిన మనిషి ఆయన. ఆయన దినానికి వీళ్లకు కాళ్లు రాలేదా అని మండిపోయాను. గోడ పక్క క్వార్టర్ వదిన కుళాయి దగ్గర దొరికింది. వాళ్లాయనా షెడ్డే.

“ఏటొదినా, ఆయనున్నప్పుడు మా గుమ్మం వదిలీవోరు కాదు. దినానికి దారి తప్పిపోయేరేటి?”

“అదేటే! ఇద్దరం వచ్చాం కదా. ఆకులెత్తింది నానే.”

“అబద్ధాలాడకు. మిగిలిన అన్నమే సెప్పింది నాకు.”

బిందె నిండకుండానే ఎత్తుకుని పోయింది. తర్వాత రెండేళ్లు మాటల్లేవు. వాళ్లాయన రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి ఆ చివరున్న తిఫ్రాకు సామాను ఎత్తుతుంటే నేను తలుపు మూసుకున్నాను.

ఆయన ఉద్యోగం మా అమ్మాయికి రావాలంటే పరీక్ష ఉంది. మొన్నొక సాయంత్రం నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన లెక్క చేస్తోంది. క్లాసులో యాభై మంది. ముప్పై మంది క్రికెట్ ఆడతారు, ఇరవై ఐదుగురు కబడ్డీ. కళ్లు మూసుకుని ఒకరిని పిలిస్తే, ఏదో ఒక ఆటైనా ఆడేవాళ్లు దొరికే అవకాశం ఎంత అని.

“అరే యార్, యాభై మందిలో యాభై ఐదు మందెలా వస్తారు!” అని పెన్ను పడేసింది. మళ్లీ చదివి, “అచ్ఛా... పది మంది రెండూ ఆడతారమ్మా. అక్కడా లెక్కెట్టాను, ఇక్కడా లెక్కెట్టాను. ఓసారి తీసెయ్యాలి. నలభై ఐదే. అంటే పదింట తొమ్మిది” అంది.

నేను చిక్కుడుకాయలు పక్కకు తోశాను.

“ఒలే, మీ నాన్న దినమప్పుడు మన తెలుగోళ్లలో షెడ్డు ఇళ్లెన్ని?”

వరసగా ఒక్కో ఇల్లూ చెప్తూ వేళ్ల మీద లెక్కపెట్టాం. ఇరవై రెండు. నలభైలోనూ వాళ్లే, ముప్పైలోనూ వాళ్లే. నేను పిలిచింది డెబ్బై ఇళ్లను కాదు, నలభై ఎనిమిదిని. మిగిలింది ఆ ఇరవై రెండు ఇళ్లకు రెండోసారి వండిన అన్నం. రానివాళ్లెవరూ లేరు.

మర్నాడు తిఫ్రా వెళ్లాను. వదినే తలుపు తీసింది.

“తప్పైపోయింది ఒదినా. మీ ఇల్లు రెండుసార్లు లెక్కెట్టాను.”

“నీ లెక్కలు నాకెందుకే? ఆకులెత్తి, సేతులు కడుక్కొచ్చి, పొద్దు పోయేదాకా నీ తల నా ఒళ్లో ఎట్టుకున్నాను. అదీ గుర్తు లేదేటి?”

లేదు. ఎంత తలచుకున్నా ఆ రోజు ఎవరి ఒళ్లో పడుకున్నానో గుర్తు రాలేదు. గుర్తుందని అబద్ధం చెప్పబోయి మానేశాను. ఆవిడ తలుపు వెయ్యలేదు, లోపలికి రమ్మనలేదు. రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కాను.